ఫైళ్లు వెతికే ప్లగిన్ గురించి చిన్నాకి

చిన్నా,

కోడ్ రాసుకునే ఎడిటర్ విమ్‌లో ఒక ఫైలు తెరవాలంటే ఫోల్డర్ల వెంట తిరగలేక చస్తున్నాను, ఫైళ్లు వెతికిపెట్టే ప్లగిన్ (ఎడిటర్‌కి తగిలించుకునే అదనపు ప్రోగ్రామ్) ఏది వేసుకోమంటావు మావయ్యా అని అడిగావు. పేరు చెప్పేస్తే ఒక్క మాటలో అయిపోయేది. కానీ నేను ఇప్పటికి నాలుగు మార్చాను, ప్రతిసారీ అదే తప్పు చేశాను. అది ఎంత ముచ్చటగా వెతుకుతోందో చూసి మురిసిపోయానే తప్ప, అసలు ఫైళ్ల జాబితా ఎక్కణ్ణుంచి తెస్తోందో చూడలేదు.

దాని పనిలో రెండు ముక్కలున్నాయి. ముందు ప్రాజెక్టులోని ఫైళ్లన్నీ పోగేసుకుంటుంది. తర్వాత నువ్వు కొట్టిన అక్షరాలు అదే వరుసలో ఏ పేర్లలో ఉన్నాయో చూసి, బాగా కలిసినదాన్ని పైకి తెస్తుంది. మధ్యలో అక్షరాలు వదిలేసినా పట్టుకుంటుంది కాబట్టే దానికి అంత పేరు. అయితే స్లోగా ఉందని మనం తిట్టుకునేది చాలాసార్లు మొదటి ముక్క వల్లే. బయటివాళ్ల కోడ్ వేల ఫైళ్లుగా పడి ఉండే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్‌ని కూడా తవ్వుతూ కూర్చుంటే ఏ ప్లగిన్ మాత్రం ఏం చేస్తుంది?

నీకు నేను చెప్పేది కంట్రోల్‌పీ. పాతదే, కానీ మొత్తం విమ్ సొంత భాషలో రాసింది. పైథాన్, రూబీ లాంటి వేరే భాషలేమీ అడగదు. దీని విలువ నాకు ఒక అర్ధరాత్రి తెలిసింది. క్లయింట్ సర్వర్‌లో ఏదో సరిచేయాలని నా సెట్టింగ్స్ కాపీ చేసుకుని విమ్ తెరిస్తే తెర నిండా ఎర్రర్లు. అప్పట్లో నేను వాడే ప్లగిన్‌కి రూబీతో కట్టిన విమ్ కావాలి, అక్కడున్నది అలాంటిది కాదు. ఏదీ ఇన్‌స్టాల్ చేసే అనుమతి కూడా లేదు. ఆ టెన్షన్‌లో ఫైలు పేర్లు ఒక్కొక్కటీ చేత్తో కొట్టుకున్నాను.

కంట్రోల్‌పీని మొదట రాసినాయన వదిలేశాక వేరేవాళ్లు చేతికి తీసుకున్నారు. వాళ్ల కాపీయే పెట్టుకో. మామూలుగా అది 10,000 ఫైళ్ల దగ్గర ఆగిపోతుంది. ఫైలు కళ్లముందే ఉంటుంది, జాబితాలో మాత్రం రాదు, నీకు పిచ్చెక్కుతుంది. ఆ పరిమితిని 0 చేస్తే హద్దు ఉండదు. కొత్తగా పెట్టిన ఫైలు కనబడకపోతే పాత జాబితా దాచుకుని ఉంటుంది, ఎఫ్5 నొక్కు.

ప్రాజెక్టు పెద్దదైతే జాబితా పని గిట్‌కో (కోడ్‌లో మార్పుల లెక్క రాసిపెట్టేది), రిప్‌గ్రెప్‌కో (ఫైళ్లలో వేగంగా వెతికేది) అప్పగించు, తేడా నీకే తెలుస్తుంది. రెండింటికీ చెరో మెలిక ఉంది. గిట్ తన జాబితాలో ఇంకా యాడ్ చేయని ఫైళ్లను మామూలుగా చూపించదు, అడిగితేనే ఇస్తుంది. రిప్‌గ్రెప్ చుక్కతో మొదలయ్యే ఫైళ్లను వదిలేస్తుంది. చుక్కతోనే మొదలయ్యే ఎన్విరాన్‌మెంట్ ఫైలు (ప్రాజెక్టు సెట్టింగ్స్ ఉండేది) జాబితాలో కనబడక, ఎవరో చెరిపేశారని నేనోసారి టీమ్ మొత్తాన్నీ లేపాను. అది ఎక్కడికీ పోలేదు.

మీ ఆఫీసులో అందరూ వాడే ఎఫ్‌జడ్‌ఎఫ్ చాలా వేగంగా ఉంటుంది, కాదనను. కానీ అది విమ్ బయట ఉండే వేరే ప్రోగ్రామ్, ప్రతి మెషీన్‌లోనూ పెట్టుకోవాలి. నీ ల్యాప్‌టాప్ ఒక్కటే అయితే హాయిగా వాడుకో. టెలిస్కోప్ అనే ఇంకో ప్లగిన్ విమ్ నుంచి పుట్టిన నియోవిమ్ ఎడిటర్ వాడేవాళ్లది, దానికి తోడుగా ఇంకో ప్లగిన్ కావాలి. తేలికైనది కావాలన్నావు కాబట్టి దాని జోలికి వెళ్లడం లేదు.

ఏది పెట్టినా ముందూ వెనకా విమ్‌ని స్టార్టప్‌టైమ్ ఆప్షన్‌తో తెరిచి, ఎన్ని మిల్లీసెకన్లు పెరిగాయో చూడు. తర్వాత నువ్వు రోజూ తెరిచే ఐదు ఫైళ్లు తీసుకుని, ఒక్కోదానికి మూడేసి అక్షరాలు కొట్టు. నీక్కావలసింది మొదటి రెండు వరుసల్లో రాకపోతే ఎంత వేగం ఉండీ దండగే.

అన్నట్టు, ఆ ఐదూ పొద్దుటి నుంచి తెరిచే ఉంటాయి కదా. వాటి మధ్య తిరగడానికి ఏ ప్లగినూ అక్కర్లేదు. కోలన్, బి కొట్టి, ఖాళీ వదిలి, పేరులో ఓ ముక్క రాసి ట్యాబ్ నొక్కు. వారం రోజులు అలా చేశాక కూడా కావాలనిపిస్తే అప్పుడు ఫోన్ చెయ్యి, కూర్చుని పెడదాం.

మీ మావయ్య