సికింద్రాబాద్ నుంచి విశాఖకు రైల్లో గేర్ల సైకిల్ తీసుకెళ్లొచ్చా?

విశాఖలో దిగి భీమిలి దాకా సముద్రం పక్కన తొక్కాలనుంది, సైకిల్ రైల్లో వేస్తే దెబ్బతింటుందేమోనని భయంగా ఉంది అన్నారు. నిక్షేపంగా తీసుకెళ్లండి. నా సైకిల్‌ని నేను అలాగే తీసుకెళ్తుంటాను.

అన్నిటికంటే ముఖ్యం, పార్సిల్‌గా కాకుండా లగేజీగా బుక్ చేయండి. పార్సిల్‌కి ప్రయాణ టికెట్ అక్కర్లేదు గానీ, మీరు వెళ్లే బండిలోనే వస్తుందన్న నమ్మకం లేదు. లగేజీకైతే మీ టికెట్ చూపించాలి, అదే బండి బ్రేక్ వ్యాన్‌లో (సామాన్లు వేసే పెట్టె) ఎక్కిస్తారు. టికెట్‌తో ఉచితంగా తీసుకెళ్లే సామాను లెక్కలోకి సైకిల్ రాదు, విడిగా డబ్బు కట్టాల్సిందే. బండి బయలుదేరడానికి కనీసం అరగంట ముందు లగేజీ ఆఫీసులో అప్పగించాలన్నది నియమం. కానీ ప్యాకింగ్, తూకం, రసీదు అన్నీ అవ్వాలి కదా, రెండు గంటల ముందు వెళ్తే నిమ్మళంగా ఉంటుంది.

బండి ఎంచుకోవడంలోనే సగం పని ఉంది. సికింద్రాబాద్‌లోనో నాంపల్లిలోనో బయలుదేరి విశాఖలోనే ఆఖరయ్యే బండి చూసుకోండి. భువనేశ్వర్ వైపు పోయే బండి విశాఖలో కాసేపే ఆగుతుంది, ఆ హడావిడిలో మీ సైకిల్ ముందు పేర్చిన బస్తాల వెనక ఉండిపోతే మీరు దిగుతారు, అది దిగదు. వందే భారత్‌కి లగేజీ వ్యానే లేదు, దాని ఊసే వద్దు.

ఇక ప్యాకింగ్. చక్రాలు ఊడదీసి అట్టపెట్టెలో పెట్టమని చాలామంది చెబుతారు. బ్రేక్ వ్యాన్‌కి అది నాకు నచ్చదు. దొర్లే సైకిల్‌ని హమాలీ దొర్లించుకుపోతాడు, దొర్లని మూటని ఎత్తి వేస్తాడు. అందుకే చక్రాలు ఉంచండి, టైర్లలో గాలీ ఉంచండి. పెడళ్లు మాత్రం తీసేయండి (ఎడమ పెడల్‌కి మర తిరగేసి ఉంటుంది, చూసి తిప్పండి). హ్యాండిల్‌ని ఫ్రేముకి సమంగా తిప్పి బిగించండి. అసలు ప్రాణం కుడివైపు వెనక చక్రం దగ్గరుండే డీరేలర్‌లో (గేరు మార్చినప్పుడు చెయిన్‌ని జరిపే భాగం) ఉంది. చెయిన్‌ని వెనక ఉన్నవాటిలో అన్నిటికంటే పెద్ద పళ్లచక్రం మీదికి ఎక్కిస్తే అది లోపలికి ముడుచుకుంటుంది, దానిమీద మందపాటి అట్ట చుట్టి కట్టండి. ఆపైన స్టేషన్ దగ్గర ప్యాకింగ్ చేసేవాళ్లు గోనెపట్టా కప్పి దబ్బనంతో పురికొస కుట్టేస్తారు. మీ పేరు, ఫోన్ నంబరు, పీఎన్‌ఆర్, ఎక్కడి నుంచి ఎక్కడికో మార్కర్‌తో రెండు వైపులా పెద్ద అక్షరాల్లో రాయించండి. లైటు, పంపు, సీసా లాంటివి మీ సంచిలోనే పెట్టుకోండి.

విశాఖలో దిగగానే రసీదు చేతిలో పట్టుకుని నేరుగా బ్రేక్ వ్యాన్ దగ్గరికి నడవండి, టీ తర్వాత తాగొచ్చు. ఆలస్యంగా విడిపించుకుంటే నిల్వ రుసుం పడుతుంది.

ఏ కారణంగానైనా రైలు కుదరక ప్రైవేటు బస్సులో వెళ్తే, డిక్కీలో సైకిల్‌ని ఎడమవైపు కిందికి, డీరేలర్ పైకి వచ్చేలా పడుకోబెట్టి, దానిమీద ఇంకెవరి సామానూ పెట్టొద్దని క్లీనర్‌కి గట్టిగా చెప్పండి.