‘బాగానే ఉంది’ అంటే నమ్మొద్దు

చిన్నా, కోడలు పిల్లా,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. “నీ మేనల్లుడు పెళ్లాన్ని సైకిలెక్కించి మనాలి నుంచి లేహ్ తీసుకెళ్తాడట, అన్నీ నీ పోలికలే” అని అరగంట నన్నే తిట్టాడు. ఫోన్ పెట్టేసి టీ పెడదామని స్టవ్ వెలిగించాను. గిన్నె పెట్టడం మర్చిపోయి మంట వైపే చూస్తూ నిలబడ్డానట. మీ మావయ్య వచ్చి స్టవ్ ఆపారు.

ముందు ఒక మాట. ‘తీసుకెళ్లడం’ ఏమిట్రా? కోడలు నీకన్నా బాగా తొక్కుతుందని మీ అమ్మే చెప్పింది. అందుకే ఈ ఉత్తరం ఇద్దరికీ రాస్తున్నాను. ఇద్దరూ కూర్చుని చదవండి. నువ్వు చదివి దానికి సారాంశం చెప్పడం కుదరదు.

సైకిళ్ల సంగతి నాకన్నా మీకే తెలుసు. తొక్కడానికి ఎంత తేలికైన గేర్లు దొరికితే అంత తేలికవి పెట్టించుకోండి. బ్రేకు ప్యాడ్లు, స్పోకులు, ట్యూబులు అదనంగా ఉండాలి. గ్యాసు డబ్బా విమానంలో ఎక్కనివ్వరు, స్టవ్‌కి ఏం వాడతారో మనాలిలో చూసుకోవాలి. మన ప్రీపెయిడ్ సిమ్ లడఖ్‌లో పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ ఒకటి ఉంచుకోండి. అదున్నా సరే, దారిలో జిస్పా ఊరు దాటాక, లేహ్‌కి ముందొచ్చే ఉప్‌షీ దగ్గరపడేదాకా సిగ్నల్ లేదనే అనుకోండి. వాగులు మాత్రం పొద్దున్నే దాటాలి. ఎండెక్కేకొద్దీ పైన మంచు కరుగుతుంది, ఉదయం పిక్కల దాకా ఉన్న నీళ్లు మధ్యాహ్నానికి తొడల దాకా వస్తాయి.

బరువులేసుకుని అరకు ఘాట్ ఎక్కేశాం, ఇంకేముంది అంటున్నారట. ఎక్కారు, సంతోషం. అరకు 900 మీటర్లు. మీరు బయలుదేరే మనాలే 2,000 దాటి ఉంటుంది. దారిలో ఎక్కాల్సిన కనుమలు చూస్తే రోహ్‌తాంగ్ 3,978, బారాలాచా దాదాపు 4,890, చివర్లో తంగ్‌లాంగ్ లా 5,300 పైన. కాళ్లకి ఇక్కడ ప్రాక్టీసు ఇవ్వగలరు గానీ, పల్చటి గాలికి విశాఖలో ఎవరూ ప్రాక్టీసు ఇవ్వలేరు.

ఇక తిండి. కందిపప్పు మొయ్యొద్దు. నవ్వకండి, 2001 ఆగస్టులో నేను రెండు కిలోలు మోశాను. బారాలాచాకి కింద జింగ్‌జింగ్‌బార్‌లో టెంటు వేసుకుని, మీ మావయ్యకి పప్పన్నం పెట్టాలని కిరోసిన్ స్టవ్ మీద ఎక్కించాను. ఆ ఎత్తులో నీళ్లు 86 డిగ్రీలకే మరుగుతాయని నాకేం తెలుసు? నీళ్లు కుతకుతలాడుతున్నాయి, పప్పు గులకరాళ్లలా అలాగే ఉంది. గంటన్నర తర్వాత నేను స్టవ్‌ని తిడుతుంటే, మీ మావయ్య టెంటులోంచి “వదిలెయ్, నాకు ఆకలిగా లేదు” అన్నారు.

మీ మావయ్యకి ఆకలి లేకపోవడం! ఆ మాట దగ్గరే నేను ఆగాల్సింది.

అసలు తప్పు ఆ రోజు దారిలోనే మొదలైంది. దార్చా 3,360 మీటర్లు. అక్కణ్ణుంచి జింగ్‌జింగ్‌బార్ 4,200 దాటే ఉంటుంది. మధ్యలో దీపక్ తాల్ దగ్గర, 3,800 ఎత్తులో, ఒక రాత్రి పడుకోవాలి. 3,000 దాటాక పడుకునే చోటు రోజుకి 500 మీటర్లకన్నా పెరగకూడదనీ, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు పూర్తిగా ఆగాలనీ చెబుతారు. మాకు సెలవులు తక్కువ. ఒంట్లో బాగానే ఉంది కదా అని నేనే “పైకి పోదాం పదండి” అన్నాను. ఇద్దరిలో గట్టిగా తొక్కేదాన్ని నేనే. ముందు వెళ్లి ఆగేదాన్ని, ఆయన రొప్పుతూ వచ్చి చేరగానే “పదండి” అనేదాన్ని. నాకు ఆగిన చోటల్లా పది నిమిషాల విశ్రాంతి. ఆయనకి ఒక్క నిమిషం లేదు. ఇది నాకు తట్టడానికి చాలా ఏళ్లు పట్టింది.

మర్నాడు పొద్దున ఆయన ఒక బండ వెనక్కి వెళ్లి వాంతి చేసుకున్నారు. నాకు వినబడింది. తిరిగొచ్చి నీళ్లు పుక్కిలిస్తుంటే “ఎలా ఉంది?” అన్నాను. “బాగానే ఉంది” అన్నారు. నిజం చెప్పనా చిన్నా? ఆ జవాబే నాకూ కావాలి. బారాలాచా ఎక్కాలని నాకంత ఆశ. నా సరదా పాడవుతుందని ఆయన దాచారు, దాచారని తెలిసీ నేను నమ్మాను.

కనుమ దాటేశాం. సర్చూలో పారాచూట్ గుడ్డతో వేసిన ఢాబా పక్కన టెంటు వేశాం. రాత్రి రెండింటికి ఆయన బయటికి వెళ్లారు. టార్చి వెలుగులో చూస్తే, తాగినవాడిలా కాళ్లు తడబడుతూ, టెంటు తాళ్లకి తట్టుకుంటూ వస్తున్నారు. నేను నవ్వాను. “ఏం తాగారు?” అన్నాను కూడా. ఆయన నా వైపు చూశారు గానీ జవాబు లేదు. నేనెవరో తెలిసినట్టు లేదు ఆ చూపు.

ఇది ఎత్తు పడక వచ్చిన జబ్బని అప్పుడు అర్థమైంది. కిందికి దింపాలి. ఎటు దింపాలి? సర్చూ 4,290. వెనక్కి పోవాలంటే బారాలాచా ఎక్కాలి, ముందుకి పోతే లాచులుంగ్ లా అనే ఇంకో కనుమ, 5,000 పైనే. ఎటు దిగాలన్నా ముందు ఎక్కాల్సిన చోట ఇరుక్కున్నాం. ఢాబా ఆవిడ మంచం మీద నిద్రపోతున్న లారీ డ్రైవర్ని లేపింది. అతను ఒక్క ప్రశ్న వెయ్యలేదు, మీ మావయ్యని మధ్యలో కూర్చోబెట్టి బండి తీశాడు. సైకిళ్లు అక్కడే వదిలేశాం. బారాలాచా చలిలో ఆయన తల నా ఒళ్లో పెట్టుకుని, నేను మొక్కని దేవుడు లేడు. దార్చా దగ్గరపడ్డాక ఆయన కళ్లు తెరిచి నన్ను పేరు పెట్టి పిలిచారు. కేలాంగ్ ఆసుపత్రిలో రెండు రోజులు ఉంచారు. లేహ్ మేము చూడలేదు.

అందుకని, రోజూ సాయంత్రం టెంటు వేశాక “ఎలా ఉంది?” అని ఒకరినొకరు అడక్కండి. దానికి ‘బాగానే ఉంది’ అనే వస్తుంది, ముఖ్యంగా కొత్త మొగుడూ పెళ్లాల మధ్య. తల నొప్పిగా ఉందా, ఎంత తిన్నావు, నిన్న నిద్ర పట్టిందా అని విడివిడిగా అడగండి. నేల మీద గీత గీసి, ఒక పాదం మడమ రెండో పాదం వేళ్లకి ఆనేలా నడిపించండి. తడబడితే పొద్దున చూద్దాం అనేది లేదు, ఆ రాత్రే దిగాలి. కూర్చున్నా ఆయాసం వస్తుంటే, దగ్గు ఆగకపోతే కూడా అంతే. నిర్ణయం రెండోవాళ్లది. బాగాలేనివాళ్లకి ఓటు లేదు. తలనొప్పి ఉన్న రోజు పైకి వెళ్లకండి, అక్కడే ఆగండి. ఎత్తు పడకపోవడానికి ఇచ్చే డయామాక్స్ బిళ్ల గురించి బయలుదేరకముందే డాక్టర్ని అడగండి, సల్ఫా మందులు పడకపోతే ఆ సంగతి తప్పకుండా చెప్పండి. బిళ్ల వేసుకున్నాం కదా అని ఎక్కేయడం మాత్రం వద్దు.

కోడలు పిల్లా, వీడు చిన్నప్పుడు 102 జ్వరంతో క్రికెట్ మ్యాచ్‌కి వెళ్లాడు. దాచడంలో దిట్ట. నువ్వేమిటో నాకింకా తెలీదు గానీ, పెళ్లిలో చెప్పు కరిచి మడమ కోసుకుపోయినా రిసెప్షన్ అయ్యేదాకా నవ్వుతూ నిలబడ్డావు. చూశాను. అందుకే నీ గురించీ భయమే.

ఇంకో వారం సెలవు అడగండి. ఇవ్వకపోతే లాచులుంగ్ లా దాటాక వచ్చే పాంగ్ దాకానో, అంతకు ముందే ఎక్కడో ఆగి లారీ ఎక్కండి. నాకేం చిన్నతనం కాదు. పాంగ్ దాటాక మోరే మైదానం వస్తుందట, నలభై కిలోమీటర్లు బల్లపరుపుగా. అది చూస్తే ఎలా ఉందో వివరంగా రాయండి, మీ మావయ్యకి చదివి వినిపిస్తాను. ఆయన ఈ ఉత్తరం చదివి “నాకప్పుడు నిజంగానే బాగానే ఉంది” అన్నారు. ఇరవై ఏళ్లు దాటినా అదే మాట.

సున్నుండలు శుక్రవారం కొరియర్ చేస్తాను, సంచిలో పైనే పెట్టుకోండి. నాలుగు మీ నాన్నకి ఇవ్వు, వాడి కోపం కాస్త తగ్గుతుంది.

మీ అత్త