ఆల్జినేట్, సిలికాన్ ఇంప్రెషన్లు రెండూ ఒకే డబ్బాలో ముంచొచ్చా?

మీరడిగింది పళ్ల అచ్చులు (ఇంప్రెషన్లు) తీసే ఆల్జినేట్‌కీ సిలికాన్‌కీ కలిపి ఒకే డబ్బాలో గ్లూటరాల్డిహైడ్ అనే క్రిములు చంపే మందు పోసి పెట్టుకుంటే సరిపోతుందా, లేక స్ప్రే చాలా అని కదండీ. నేను ముందు ల్యాబ్‌లో, తర్వాత క్లినిక్‌లో పనిచేశాను, రెండు వైపులా చూసింది చెప్తున్నా, ఒకే డబ్బా పద్ధతి మాత్రం వద్దు.

ఏ మందు వాడినా దానికి ముందు కుళాయి కింద కడగడం ముఖ్యం. ఉమ్మి, రక్తం పొరలా అంటుకుని ఉంటే హైపోక్లోరైట్ (బ్లీచ్) దాని మీదే ఖర్చయిపోతుంది, కింద క్రిములు అలాగే ఉంటాయి. ల్యాబ్‌కి వచ్చే ట్రేల్లో ఎండిన రక్తం మరకలు ఎన్నిసార్లు చూశానో, చేతులతో పట్టుకునేది మేమే కదా, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

ఇక ఆల్జినేట్. అందులో ఎక్కువ భాగం నీళ్లే, నీళ్లలో ఉంచితే పీల్చుకుని ఉబ్బుతుంది, గాలికి వదిలేస్తే నీళ్లు పోయి కుంచించుకుపోతుంది. ఒకసారి కింది పార్షియల్ (కొన్ని పళ్లకే పెట్టే కట్టుడు సెట్టు) కోసం తీసిన అచ్చుని హైపోక్లోరైట్‌లో వేసి ఇంకో పేషెంట్ దగ్గరికి వెళ్లా, తిరిగొచ్చేసరికి అరగంట దాటిపోయింది, చూడ్డానికి బాగానే ఉంది కదా అని స్టోన్ (మోడల్ చేసే గట్టి జిప్సం) పోసేశా. ఆ సెట్టు ఫ్రేమ్ మోడల్ మీద చక్కగా కూర్చుంది, నోట్లో కూర్చోలేదు. పాపం ఆ పెద్దావిడని మళ్లీ పిలిపించి కొలత తీయాల్సొచ్చింది. అప్పట్నుంచి ఆల్జినేట్‌కి స్ప్రేనే: 5.25 శాతం బ్లీచ్ 1 వంతుకి నీళ్లు 9 వంతులు, ట్రే వెనక కూడా తడిసేలా కొట్టి, తడి టిష్యూ చుట్టి జిప్ కవర్‌లో 10 నిమిషాలు, మళ్లీ కడిగి వెంటనే పోయడం. ఆ రెండో కడుగుడు వదిలేస్తే స్టోన్ పైభాగం సుద్దలా రాలుతుంది. ముంచాలంటే ముంచొచ్చు, 10 నిమిషాలు దాటకుండా టైమర్ పెట్టుకుని.

స్ప్రేకీ లోటుంది, వాలు మీద కారిపోతుంది, లోతు గుంటల్లోకి సరిగా పోదు, ఆ తుంపర మనమే పీలుస్తాం. అందుకే అడిషన్ రకం సిలికాన్‌కి నా ఓటు ముంచడానికే, అది నీళ్లు పీల్చదు, 2 శాతం గ్లూటరాల్డిహైడ్‌లో నిశ్చింతగా పెట్టొచ్చు. కానీ దాని ఆవిరి కళ్లకీ ఊపిరికీ మంచిది కాదు, మూత ఉన్న డబ్బా, గ్లోవ్స్, గాలి ఆడే గది తప్పనిసరి, దాన్ని స్ప్రే మాత్రం అస్సలు చేయొద్దు. పాలీఈథర్ అనే ఇంకో అచ్చు పదార్థం సిలికాన్‌లా కనిపించినా నీళ్లు పీలుస్తుంది, 10 నిమిషాల లోపే తీసేయండి.

యూవీ (అతినీలలోహిత కాంతి) పెట్టెలు వెలుగు తగిలిన చోటే పనిచేస్తాయి, అచ్చు నిండా నీడలే కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్ముకోను. హైపోక్లోరైట్ ఏ రోజుది ఆ రోజే కలుపుకోండి, నిలవుంటే బలం తగ్గుతుంది, మెటల్ ట్రేలు కూడా తుప్పు పడతాయి.

ఇంకోటి, క్లినిక్‌లో ఒకసారి, తెలియక ల్యాబ్‌లో ఇంకోసారి ముంచేస్తే అచ్చు పాడవుతుంది. నేనైతే కవర్ మీద ఏ మందు, ఎన్ని నిమిషాలు అని చీటీ అంటించి పంపిస్తా, చీటీ లేకుండా వస్తే ల్యాబ్ వాళ్లు ఫోన్ చేసి అడగాలని ముందే మాట్లాడుకున్నాం.