గొరిగిన చోట మళ్లీ అదే నలుపు

ప్రశ్న: మా నాయనమ్మ చేపల రేవు దగ్గర తిరిగే మూడు రంగుల పిల్లిని తెచ్చి పెంచుతోంది. కిందటి ఏడాది దాన్ని కుక్క కరిస్తే ఒంగోలులో పశువుల డాక్టరు పక్కటెముకల మీద బొచ్చు గొరిగి కుట్లు వేశారు. బొచ్చు మళ్లీ వచ్చాక చూస్తే నలుపు ఉన్నచోట నలుపు, నారింజ ఉన్నచోట నారింజ, మధ్యలో గీత కూడా జరగలేదు. చర్మానికి ఇది ఎలా గుర్తుంటుంది? మూడు రంగుల పిల్లి ఎప్పుడూ ఆడదేనని నాయనమ్మ అంటుంది. నిజమేనా? ఈ మధ్యే అది ఈనింది. రెండు నల్లవి, రెండు నారింజవి. తల్లిలాంటిది ఒక్కటీ లేదేం? మా వీధిలో తిరిగే గండుపిల్లి నల్లది.
– ఇంటర్ విద్యార్థిని, కొత్తపట్నం, ప్రకాశం జిల్లా

జవాబు: ముందు మీ నాయనమ్మగారికి చెప్పమ్మా, ఆమె మాట దాదాపు నిజం. మూడు రంగుల మగపిల్లి వేలల్లో ఒకటి పుడుతుంది. సాధారణంగా దానికి ఎక్స్ క్రోమోజోమ్ (ఆడమగ తేడాను నిర్ణయించే క్రోమోజోముల్లో ఒకటి) ఒకటి అదనంగా ఉంటుంది, సంతానం కలగడం చాలా అరుదు.

నారింజ రంగును నిర్ణయించే తేడా ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది. అదేమిటో 2025లోగాని ఖాయం కాలేదు. జపాన్‌లోని క్యుషు, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాల బృందాలు విడివిడిగా వెతికి, నారింజ పిల్లుల్లో ఆ క్రోమోజోమ్ మీద దాదాపు అయిదు వేల అక్షరాల డీఎన్ఏ ముక్క లేదని తేల్చాయి. మగపిల్లికి ఎక్స్ ఒక్కటే, కాబట్టి నారింజ గాని నలుపు గాని ఒకటే వస్తుంది. మీ పిల్లికి రెండు ఎక్స్‌లు. ఒకదాని మీద నారింజ, ఇంకోదాని మీద నలుపు. తెలుపు సంగతి వేరు: పిండంలో రంగు కణాలు వెన్ను వైపు నుంచి బయలుదేరి చర్మమంతా పాకుతాయి, అవి చేరని చోట బొచ్చు తెల్లగా వస్తుంది.

రెండు ఎక్స్‌లూ పనిచేస్తే ఆడజీవికి ఆ జన్యువుల మోతాదు రెట్టింపవుతుంది. అందుకని పిండం ఇంకా చిన్న కణాల ముద్దగా ఉన్నప్పుడే ప్రతి కణమూ ఒక ఎక్స్‌ను మూసేస్తుంది. ఏది మూయాలన్నదానికి నియమం లేదు, ఏదైనా కావచ్చు. నలుపు ఎక్స్‌ను మూసిన కణాల సంతానం ఉన్నచోట నారింజ మచ్చ, నారింజ ఎక్స్‌ను మూసినచోట నల్ల మచ్చ వస్తుంది. ఎలుకల బొచ్చు మీది మచ్చలను చూసి 1961లో ఈ సంగతి చెప్పినామె బ్రిటన్ శాస్త్రవేత్త మేరీ లయన్. మూసిన ఎక్స్ కంటికి కనిపిస్తుంది కూడా. ఒంగోలులో జువాలజీ చెప్పేటప్పుడు అమ్మాయిల చేత బుగ్గ లోపల చెంచా అంచుతో మెల్లగా గీయించి, ఆ పొరను గాజుపలక మీద పరిచి, ఎసిటో ఆర్సీన్ అనే రంగు చుక్క వేసి, మైక్రోస్కోపు నూనె లెన్స్ కింద పెట్టేవాణ్ణి. కేంద్రకం అంచుకు అతుక్కుని ముదురు చుక్క ఒకటి కనబడేది, అన్ని కణాల్లోనూ కాదు గాని వెతికితే దొరికేది. అబ్బాయిల పలకల మీద ఎంత వెతికినా లేదు. దీన్ని 1949లో ముర్రే బార్, బెర్‌ట్రామ్ మొదట గమనించింది పిల్లుల నాడీకణాల్లోనే.

ఇక నీ అసలు ప్రశ్న. మూయడం ఒక పని, మూసినదాన్ని జీవితాంతం అలాగే ఉంచడం ఇంకో పని. పాఠ్యపుస్తకాలు మొదటిదాన్ని చెప్పి రెండోదాన్ని ఒక్క వాక్యంలో దాటేస్తాయి. నాకు రెండోదే గొప్పగా తోస్తుంది. మొదట మూతపడబోయే ఎక్స్ మీదినుంచే ఎక్సిస్ట్ అనే ఆర్ఎన్ఏ తయారై ఆ క్రోమోజోమ్‌నే నిలువునా కప్పేస్తుంది. దాని వెంట వచ్చే ఎంజైములు డీఎన్ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్ ప్రోటీన్ల మీద మిథైల్ అనే చిన్న రసాయన గుర్తులు పెడతాయి, క్రోమోజోమ్ ముడుచుకుపోతుంది. తర్వాత జన్యువులు మొదలయ్యే చోట డీఎన్ఏ మీద కూడా మిథైల్ గుర్తులు పడతాయి. డీఎన్ఏ అక్షరం ఒక్కటీ మారదు. చదవడం మాత్రం ఆగిపోతుంది.

కణం విభజన చెందేటప్పుడు డీఎన్ఏ రెండు పోగులూ విడిపోయి, ఒక్కో పాత పోగుకు కొత్త పోగు జతపడుతుంది. కొత్తదాని మీద గుర్తులుండవు. అక్కడికి డీఎన్ఎంటీ1 అనే ఎంజైము వస్తుంది. సగం గుర్తులున్న చోటును పోల్చుకుని, పాత పోగు మీద సీ, జీ అక్షరాలు పక్కపక్కన ఉండి మిథైల్ ఉన్నచోటల్లా కొత్త పోగు మీదా పెట్టేస్తుంది. హిస్టోన్ గుర్తులను చదివి పక్కవాటి మీద మళ్లీ రాసే ఎంజైములు వేరే ఉన్నాయి. విభజన తర్వాత విభజన, ఇదే పని. కాలేయ కణం నుంచి కాలేయ కణమే రావడానికీ ఇలాంటి కాపలానే తోడ్పడుతుంది. మీ పిల్లి ఒంటి మీద గొరిగింది వెంట్రుకలనే. రోమకూపంలో ఉన్న రంగు కణాలు పిండదశలో ఏ ఎక్స్‌ను మూసిన కణం సంతానమో దాన్నే మూసి ఉంచుతాయి. అందుకే గీత జరగలేదు. కుట్లు పడినచోట మాత్రం రంగు కణాలే చనిపోయి ఉంటే తెల్ల వెంట్రుకలు రావచ్చు, ఒకసారి బొచ్చు విడదీసి చూడు.

ఈ గుర్తుల బలం ఎంతో 2001లో టెక్సాస్‌లో తేలింది. రెయిన్‌బో అనే మూడు రంగుల పిల్లి కణం నుంచి సీసీ అనే పిల్లిని క్లోనింగ్ చేశారు. డీఎన్ఏ అదే, కాని సీసీ ఒంటి మీద నారింజ మచ్చ ఒక్కటీ లేదు. తీసుకున్న కణంలో నారింజ ఎక్స్ మూతపడి ఉండి, అది తెరుచుకోలేదన్నది శాస్త్రవేత్తల వివరణ.

పిల్లల సంగతికి వస్తే, అండం తయారయ్యేటప్పుడు మూతపడిన ఎక్స్ తిరిగి తెరుచుకుంటుంది. కాబట్టి తల్లి మచ్చల అమరిక పిల్లలకు రాదు, రెండు ఎక్స్‌లలో ఏదో ఒకటి వస్తుంది. తండ్రి ఆ నల్ల గండుపిల్లే అయితే ఆడపిల్లలన్నింటికీ అతని నుంచి నలుపు తప్పనిసరిగా వస్తుంది. అంటే మీ నారింజ పిల్లలు రెండూ మగవే కావాలి. తోకలెత్తి చూడండి. వాటిలో ఒక్కటి ఆడదైనా, దాని తండ్రి మీ వీధి నల్లపిల్లి కాదు, ఎక్కడినుంచో వచ్చిన నారింజ గండుపిల్లి.