పాఠకుల ప్రశ్నలు: పెద్దల నివాసంలో ఇంగ్లీషు సాయంత్రం

ప్రశ్న: మధురవాడ దగ్గర అరవై ఏళ్లు దాటినవారి కోసం కట్టిన నివాస సముదాయంలో నేనూ మా ఆవిడా మూడేళ్లుగా ఉంటున్నాము. సాంస్కృతిక కార్యక్రమాల బాధ్యతను నివాసుల సంఘం ఈ ఏడాది నాకు అప్పగించింది. సంక్రాంతి, ఓణం, దుర్గాపూజ ఇలా ఒక్కొక్క సంస్కృతి పేరిట ఒక్కొక్క సాయంత్రం జరుపుకుంటున్నాము. ఏప్రిల్ 23న ‘ఇంగ్లీషు సంస్కృతి, వారసత్వం’ పేరుతో కార్యక్రమం పెడదామని ఇంగ్లీషు లెక్చరరుగా పనిచేసి రిటైరైన ఒకరు ప్రతిపాదించారు. మాలో కొందరి పిల్లలు ఇంగ్లండులో స్థిరపడ్డారు. వాల్తేరు రైల్వే కాలనీలో పుట్టి పెరిగిన ఆంగ్లో ఇండియన్ మహిళ ఒకరు కూడా మాతో ఉన్నారు. అయితే నర్సీపట్నం వైపు నుంచి వచ్చిన మాస్టారు ఒకరు, ‘అల్లూరిని కాల్చి చంపినవాళ్ల పండుగ మనం చేయడమా’ అని సమావేశం మధ్యలోనే లేచి వెళ్లిపోయారు. ఆయన మాట కొట్టిపారేయదగినది కాదు, లెక్చరరు గారి కోరికలోనూ తప్పు కనబడదు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: కార్యక్రమం చేయండి. కానీ ఆహ్వానపత్రం రాసేముందు మాస్టారి గదికి ఒకసారి వెళ్లిరండి. ఆయనను ఒప్పించాలని కాదు, ఆయన చెప్పేది పూర్తిగా వినడానికి. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడితో మొదలైన మన్యం పోరాటం, 1924 మే 7న కొయ్యూరులో సీతారామరాజు గారిని కాల్చి చంపిన నాటి సంగతులు ఆ ప్రాంతంలో పెరిగినవారికి పాఠ్యపుస్తకంలో చదువుకున్న చరిత్ర కాదు, ఇంట్లో తాతలూ అమ్మమ్మలూ చెప్పగా విన్న కబుర్లు. ఏప్రిల్ 23కూ మే 7కూ మధ్య సరిగ్గా రెండు వారాలే ఉన్నాయని గమనించారా? మే 7న అదే హాలులో వర్ధంతి సభ జరపండి, దాని నిర్వహణ మాస్టారికే అప్పగించండి. అది ఇంగ్లీషు సాయంత్రానికి పరిహారంగా కాక, ఏటా జరగవలసిన కార్యక్రమంగా సంఘం తీర్మానంలో నమోదు చేయండి. అప్పటికీ ఆయన ఏప్రిల్ 23న రాను అంటే, రాకపోవడం ఆయన హక్కు. బలవంతపెట్టవద్దు.

ఇక అసలు విషయం. ఇంగ్లీషు సంస్కృతి వేరు, బ్రిటిషు పాలన వేరు. ఇంగ్లండు, స్కాట్లండు 1707లో ఒకే రాజ్యంగా కలిశాయి. మనల్ని ఏలినది ఆ బ్రిటిషు రాజ్యం పేరిట సాగిన కంపెనీ, ఆ తరువాత నేరుగా ఆ సింహాసనం. మీరు జరపదలచుకున్నది ఇంగ్లండులోని పల్లెల్లో, వంటిళ్లలో, బడుల్లో, మైదానాల్లో మామూలు మనుషులు కాపాడుకుంటూ వచ్చిన అలవాట్ల గురించి అయితే, హాలులో కిరీటాలకూ వైస్రాయిల ఫోటోలకూ యూనియన్ జాక్ తోరణాలకూ చోటు లేదు. దొర, దొరసాని వేషాల పోటీ ఆలోచన ఎవరికైనా వస్తే వెంటనే వద్దనండి. ముఖ్యంగా, మీకు అన్నం వడ్డించి, మందులు అందించే శ్రీకాకుళం, అరకు పిల్లల తలలకు పాగాలు చుట్టి బట్లరు వేషం కట్టించే ముచ్చట మాత్రం వద్దే వద్దు. ఇలాంటి వేడుకలు చెడేది సాధారణంగా ఇక్కడే.

ఇంగ్లీషువారి ప్రస్తావన వస్తే మనవాళ్లలో ఎవరో ఒకరు తప్పకుండా లేచి బ్రౌన్ దొర గురించీ కాటన్ దొర గురించీ మాట్లాడతారు. 1829లో వేమన పద్యాలను అచ్చు వేయించి, 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును వెలువరించిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ మీదా, 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్టను పూర్తి చేసిన ఆర్థర్ కాటన్ మీదా నాకు గౌరవం తక్కువేమీ కాదు. అయితే వారు మన చరిత్రలో భాగం. గోదావరి జిల్లాల్లో కాటన్‌కు విగ్రహాలు పెట్టి దండలు వేస్తూనే ఉన్నాము. వారిని ఈ సాయంత్రంలోకి తెస్తే అది పాలన మంచిదా చెడ్డదా అనే వాదంగా మారి, టీ చల్లారిపోతుంది.

తేదీ విషయంలో లెక్చరరు గారిది మంచి ఎంపిక. ఏప్రిల్ 23 ఇంగ్లండుకు రక్షకుడిగా భావించే సెయింట్ జార్జి పండుగ. విశేషమేమిటంటే ఆయన ఇంగ్లండులో అడుగుపెట్టిన దాఖలా లేదు. నేటి టర్కీ ప్రాంతంలోని కప్పడోసియాకు చెందినవాడని సంప్రదాయం చెబుతుంది. కేరళలో పుదుప్పళ్లి, ఎడత్వా చర్చీలు ఆయన పేరిటే ఉన్నాయి కనుక మీ మలయాళీ నివాసులకు ఆయన పరాయివాడు కాడు. షేక్స్పియరు 1616లో మరణించింది కూడా ఆ రోజే. 1564 ఏప్రిల్ 26న బాప్టిజం జరిగినట్టు రికార్డు ఉంది కాబట్టి పుట్టినరోజును కూడా 23గానే జరుపుకోవడం అక్కడి ఆనవాయితీ.

అలాగని లెక్చరరు గారికి మైకు ఇచ్చి నలభై నిమిషాలు వదిలేయకండి. పద్నాలుగు పంక్తుల సానెట్ ఒకటి ఆయన చదివి, తెలుగులో తాత్పర్యం చెబితే చాలు. తరువాత మైకును వరుసగా అందరి దగ్గరకూ తీసుకువెళ్లి, బడిలో కంఠస్థం చేసిన ఇంగ్లీషు పద్యంలో గుర్తున్నంత చెప్పమని అడగండి. జీవితంలో ఎన్నడూ చూడని పూల మీద, పడని మంచు మీద పద్యాలను బెత్తానికి భయపడి బట్టీపట్టిన తరం మీది. నిన్న తిన్న కూర గుర్తులేనివారు కూడా రెండు చరణాలు తడుముకోకుండా అప్పగించడం నేను కళ్లారా చూశాను.

ఆంగ్లో ఇండియన్ మహిళ గురించి ఒక మాట. ఆమెను ఇంగ్లండు ప్రతినిధిగా వేదిక మీద కూర్చోబెట్టకండి. ఆమె ఈ ఊరి మనిషి, ఆమె వారసత్వం దానికదే ఒక ప్రత్యేకమైన సంగతి. ఆమెకు ఇష్టమైతే రైల్వే కాలనీ క్రిస్మస్ గురించి చెబుతారు, లేదా వారి ఇళ్లలో ‘పెప్పర్ వాటర్’ అని పిలిచే మన మిరియాల చారు కాచి చూపిస్తారు. ఇంగ్లీషువారి మలిగటానీ సూపు పేరు కూడా తమిళంలో మిరియాల నీళ్లు అనే అర్థమున్న మాట నుంచే వెళ్లింది. ఇలా అటూ ఇటూ వెళ్లిన మాటల మీద చిన్న ఆట పెట్టవచ్చు. ఇంగ్లీషులోని ‘బ్యాండికూట్’ మన పందికొక్కే అని చెప్పినప్పుడు హాలంతా నవ్వకపోతే నన్ను అడగండి.

తినుబండారాల్లో స్కోన్లు, అంటే టీతో తినే చిన్న గుండ్రటి రొట్టెలు, మీ వంటగదిలోనే చేయవచ్చు. పావు కిలో మైదాలో రెండు చెంచాల బేకింగ్ పౌడరు, రెండు చెంచాల చక్కెర, చిటికెడు ఉప్పు కలిపి, 50 గ్రాముల చల్లటి వెన్నను వేళ్ల కొసలతో రవ్వలా అయ్యేదాకా నలపాలి. 150 మిల్లీలీటర్ల పాలు పోసి ముద్ద చేసి, చపాతీ పిండిలా మర్దించకుండా, అంగుళానికి కాస్త తక్కువ మందాన అరచేత్తో ఒత్తి, గ్లాసుతో బిళ్లలుగా కోసి, 220 డిగ్రీల వేడిలో పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు ఉంచితే సరిపోతుంది. మర్దిస్తే మాత్రం రాయిలా తయారై పళ్ల సెట్లకు పరీక్ష పెడుతుంది. దానిమీద వేసే క్లాటెడ్ క్రీమ్ కోసం దుకాణాలు వెతకనక్కరలేదు. మీగడను గంటల తరబడి సన్నటి వేడి మీద ఉంచితే కట్టే తరకే అది. పిడకల దాలి మీద కాగిన పాల తరక రుచి తెలిసిన అమ్మమ్మలు మీ మధ్యనే ఉన్నారు. ఇంగ్లండులోని డెవన్ జిల్లాలో ముందు క్రీమ్, దానిపై జామ్ వేస్తారు. కార్న్‌వాల్‌లో ముందు జామ్ వేస్తారు. ఈ తగాదా మన ఆవకాయ అన్నంలో నెయ్యి ముందా తరువాతా అన్నంత తీవ్రమైనది కనుక రెండు బల్లలు వేసి ఓట్లు వేయించండి. షుగరు ఉన్నవారికి చిన్న బిళ్ల, జామ్ బదులు దోసకాయ ముక్కల శాండ్‌విచ్. టీని మాత్రం వారి పద్ధతిలో, కెటిల్లోని ఆకు మీద మరిగే నీళ్లు పోసి నాలుగు నిమిషాలు మూతపెట్టి ఇవ్వండి. ‘మరగని టీ ఏమి టీ’ అనేవారి కోసం పక్కన అల్లం టీ ఫ్లాస్కు ఉంచండి.

ఏప్రిల్ ఎండలో ఆరుబయట ఏదీ పెట్టకండి. సాయంత్రం ఐదున్నరకు మొదలుపెడితే ఇంగ్లండులో అప్పటికి మధ్యాహ్నం ఒంటిగంట అవుతుంది కాబట్టి పిల్లలూ మనవలూ వీడియోలో అందుబాటులో ఉంటారు. క్రికెట్ మాటలకు కూడా పది నిమిషాలు కేటాయించండి. ఆట వారిదే అయినా, మీ మధురవాడ స్టేడియంలో 2016 నవంబరులో జరిగిన తొలి టెస్టులోనూ, 2024 ఫిబ్రవరిలోనూ ఇంగ్లండు ఓడిపోయింది. మాస్టారు ఆ కబుర్ల వేళకైనా తలుపు దగ్గరకు వస్తారేమో చూడండి.

ప్రశ్న: మా నాన్నగారు ఉంటున్న వృద్ధుల ఆవాసంలో ఇటువంటి వేడుకకే ‘హై టీ’ అని కార్డులు వేయిస్తున్నారు. మామూలు సాయంత్రపు టీ కంటే హై టీ గొప్పదని కమిటీ వారి అభిప్రాయం. నిజమేనా?
— ఒక పాఠకురాలు, సీతమ్మధార

జవాబు: నిజం దాదాపు దానికి ఎదురుగా ఉంది. స్కోన్లు, చిన్న శాండ్‌విచ్‌లు, కేకులతో నాలుగు గంటల వేళ కూర్చునేది ‘ఆఫ్టర్‌నూన్ టీ’. మధ్యాహ్న భోజనానికీ రాత్రి విందుకూ మధ్య ఆకలికి తాళలేక 1840 ప్రాంతంలో బెడ్‌ఫర్డ్ డచెస్ ఆనా మొదలుపెట్టిన అలవాటుగా దాన్ని చెబుతారు. హై టీ అన్నది మిల్లుల్లో, గనుల్లో పనిచేసి ఇల్లు చేరిన కార్మికులు భోజనాల బల్ల దగ్గర కూర్చుని మాంసం, రొట్టె, బంగాళాదుంపలతో కడుపునిండా తినే సాయంత్రపు తిండి. హోటళ్లవారు ఆ పేరులోని ‘హై’ చూసి మోజుపడి తారుమారు చేశారు. కార్డులు ఇంకా అచ్చుకు వెళ్లకపోతే ఆ ‘హై’ తీసేయమనండి. అచ్చయిపోయి ఉంటే మాత్రం ఆ సాయంత్రం బంగాళాదుంప కూరతో చపాతీలు కూడా పెట్టించండి. పేరు నిలబడుతుంది, మీ నాన్నగారు రాత్రి భోజనం కోసం మళ్లీ డైనింగ్ హాలుకు నడవనక్కరలేదు.