మంచు దేశంలో ఎర్రాకుల చెట్టు

ప్రశ్న: మా అమ్మాయి మిన్నెసోటాలో ఇల్లు కొనుక్కుంది. ముందు జాగాలో జపనీస్ మేపుల్ అనే ఎర్రాకుల చెట్టు పెడతానంటోంది. చలికి బతుకుతుందా? ఒక మొక్క తిరుపతిలో మా మిద్దె మీద కూడా పెట్టుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: జపనీస్ మేపుల్ సుమారు మైనస్ 29 డిగ్రీల దాకా ఓర్చుకుంటుందమ్మా, అక్కడ కొన్ని రాత్రులు అంతకన్నా దిగిపోతాయి, పైగా ఎదురుగాలి తగిలితే కొమ్మలు ఎండిపోతాయి. కొరియన్ మేపుల్ అడగమనండి. చూడ్డానికి దాదాపు అలాగే ఉంటుంది, మైనస్ 34 వరకు తట్టుకుంటుంది, 15 నుంచి 25 అడుగులు పెరుగుతుంది, ఆకులు రాలేముందు నారింజ, ఎరుపు రంగులకు తిరుగుతాయి. అమూర్ మేపుల్ ఇంకా మొండిది కానీ విత్తనాలు అడవుల్లోకి పాకిపోతాయి, నేనైతే వద్దంటాను.

రంగు బాగా రావాలంటే ఎండ తగలాలి. పగలు ఎండ, రాత్రి గడ్డకట్టనంత చలి ఉంటే ఆకులో చక్కెర నిలిచి ఎరుపు చిక్కబడుతుంది. వేసవి చివర్లో యూరియా లాంటివి వేస్తే లేత చిగుర్లొచ్చి చలికి మాడిపోతాయి. నేల గడ్డకట్టేదాకా నీళ్లు పోయాలి, చెట్టు మొదలు చుట్టూ 3 అంగుళాల మందాన చెక్కపేళ్లు పరవాలి, కాండానికి మాత్రం ఆననివ్వకూడదు.

తిరుపతిలోనా? డబ్బు దండగ. దానికి నెలల తరబడి చలినిద్ర (చలిలో ఎదుగుదల ఆపి ఉండడం) కావాలి, మన ఎండకు ఆకు అంచులు మాడిపోతాయి. హార్స్‌లీ హిల్స్ చలి కూడా చాలదు. ఎర్రాకులే కావాలంటే, స్థలముంటే నేలలో నాటు బాదం వేసుకోండి, రాలేముందు ఎర్రబడుతుంది. ఊడ్చుకునే ఓపిక ఉండాలి మరి!