సమాధానం: కొత్త ల్యాప్‌టాప్‌లో కాపీ ఆఫీస్ వేయించుకోవాలా?

అన్నా, అనంతపురం షాపులో 500 తీసుకొని ఆఫీస్, యాంటీవైరస్ వేస్తామన్నారని రాశారు కదా. వద్దనండి. కాపీ ఆఫీస్, అంటే డబ్బు కట్టకుండా దొంగతనంగా వేసే మైక్రోసాఫ్ట్ ఆఫీస్, నడవాలంటే ముందు విండోస్‌తో వచ్చే యాంటీవైరస్ విండోస్ డిఫెండర్‌ను ఆపేస్తారు. వైరస్‌కు వాకిలి తెరిచేది అక్కడే. విండోస్ 11లో డిఫెండర్ ఉచితంగానే వస్తుంది, ఇంట్లో వాడకానికి అది చాలు.

ఆఫీస్ బదులు, అలాంటి పనులే చేసే ఉచిత సాఫ్ట్‌వేర్ లిబ్రెఆఫీస్ వేసుకోండి. గూగుల్‌లో వెతికితే పైన ప్రకటనలొస్తాయి, వాటిని నొక్కకుండా లిబ్రెఆఫీస్ డాట్ ఆర్గ్ అని నేరుగా కొట్టండి. వేశాక టూల్స్, ఆప్షన్స్, లాంగ్వేజెస్‌లోకి పోయి కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ (తెలుగులాంటి లిపుల అమరిక) దగ్గర తెలుగు పెట్టండి. ఇది వదిలేసి, ఫాంట్ మార్చినా తెలుగు అక్షరం మారలేదని చాలామంది తికమక పడతారు. ఇంగ్లీషుకు ఒక ఫాంట్, తెలుగుకు ఇంకొకటి అందులో విడివిడిగా ఉంటాయి.

టైపింగుకు వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. సెట్టింగ్స్, టైమ్ అండ్ లాంగ్వేజ్, లాంగ్వేజ్ అండ్ రీజియన్‌లో తెలుగు చేర్చి, దాని పక్కనున్న మూడు చుక్కలు నొక్కి, లాంగ్వేజ్ ఆప్షన్స్‌లో తెలుగు ఫొనెటిక్ కీబోర్డు (ఇంగ్లీషు అక్షరాల్లో ఉచ్చారణ కొడితే తెలుగు వచ్చేది) జోడించండి. విండోస్ మీట, స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది.

డీటీపీ వాళ్లిచ్చిన పాత అను ఫాంట్ల ఫైళ్లు మాత్రం పిచ్చి గుర్తులుగా కనబడతాయి. అవి యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకూ ఒకే అక్షర సంకేతాల పద్ధతి) కావు, కన్వర్టర్‌లో మార్చుకోవాల్సిందే. మార్చాక ఒత్తులు ఒకసారి సరిచూడండి.

జిరాక్సు షాపుకు పీడీఎఫ్ చేసి పంపండి, లేకుంటే అక్కడ ఫాంటు లేక లైన్లు జరిగిపోతాయి. వీడియోలు చూడటానికి వీఎల్‌సీ, జిప్ ఫైళ్లు తెరవడానికి 7-జిప్ వేసుకోండి.